ఇంటి సర్వర్‌కి సెకండ్ హ్యాండ్ జియాన్ మంచిదా, డెస్క్‌టాప్ ప్రాసెసర్ మంచిదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంట్లో రాత్రీపగలూ ఆన్‌లో ఉండే ఒక సర్వర్ కావాలి. అందులో ఇంటిల్లిపాది ఫోటోలకు ఇమిచ్, వీడియోలకు జెల్లీఫిన్, స్మార్ట్ పరికరాలకు హోమ్ అసిస్టెంట్, ప్రకటనలు ఆపే డీఎన్ఎస్, నేర్చుకోవడానికి రెండు మూడు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే కంప్యూటర్లు) నడవాలి. మీ ముందు రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి కంపెనీలు తీసేసిన సెకండ్ హ్యాండ్ జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) ఈ5-2680 వి4, 64 జీబీ ఈసీసీ (తప్పులు సరిదిద్దుకునే) ర్యామ్‌తో. రెండోది ఇంటెల్ 12వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ కోర్ ఐ5-12400, 32 జీబీ మామూలు ర్యామ్‌తో. "24 గంటలూ నడవాలంటే సర్వర్ ప్రాసెసరే ఉండాలి" అని మీ ఫ్రెండ్ గట్టిగా చెబుతున్నారు.

మీరు రాసిన పనులకైతే ఐ5-12400 తీసుకోండి. చివర్లో 'ఎఫ్' అక్షరం ఉన్నది మాత్రం వద్దు, ఎందుకో కింద చెప్తాను. జియాన్ చెడ్డ ప్రాసెసర్ అని కాదు. దాని బలాలు మీ పనుల్లో ఎక్కడా అక్కరకు రావు, దాని బరువు మాత్రం రోజూ మోయాలి. జియానే సరైన సందర్భాలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ముందు మీ ఫ్రెండ్ మాట సంగతి చూద్దాం. సర్వర్ ప్రాసెసర్ అంటే వేరే రకం సిలికాన్ అని చాలామంది అనుకుంటారు. పెద్ద జియాన్లు, ఏఎండీ సర్వర్ ప్రాసెసర్లయిన పెద్ద ఎపిక్‌ల విషయంలో అది కొంత నిజమే. కానీ చిన్న సర్వర్ల కోసం అమ్మే జియాన్ ఈ-2400 సిరీస్ చూడండి. అది డెస్క్‌టాప్ 13వ తరం డిజైనే, సాకెట్ కూడా అదే ఎల్‌జీఏ 1700. చిన్న కోర్లు ఆపేసి, ఈసీసీ తెరిచి, పేరు మార్చారు. 2024లో ఏఎండీ తెచ్చిన ఎపిక్ 4004 కూడా అంతే, ఏఎం5 సాకెట్‌లో కూర్చునే డెస్క్‌టాప్ రైజెన్ 7000కి ఇంకో పేరు. ఆగకుండా నడిచే సిస్టమ్‌లో ముందు పోయేవి ఫ్యాన్లు, పవర్ సప్లై, డిస్కులు. ప్రాసెసర్ పోవడం అరుదు. నా చేతి మీదుగా వెళ్లిన ఇంటి సర్వర్లలో ప్రాసెసర్ చచ్చిపోయి నిలిచిపోయింది ఒక్కటీ లేదు. ఆ టెన్షన్ పక్కన పెట్టేయండి.

సర్వర్ వైపు ఉన్న అసలు బలమంతా ప్రాసెసర్ చుట్టూ ఉన్న ప్లాట్‌ఫామ్‌లో ఉంటుంది. ఎంత ర్యామ్ పడుతుంది, కార్డులు తగిలించే పీసీఐఈ లేన్లు (డేటా దారులు) ఎన్ని ఉన్నాయి, ఈసీసీ ఉందా, దూరం నుంచి స్క్రీన్ చూసే సదుపాయం ఉందా, ఇవీ అడగాల్సిన ప్రశ్నలు. డబ్బాల మీద కోర్ల సంఖ్య పెద్దక్షరాల్లో ఉంటుంది కాబట్టి అందరూ అక్కడే ఆగిపోతారు.

ఖాళీగా ఉన్నప్పుడు ఎంత లాగుతుంది?

ఇంటి సర్వర్ రోజులో ఎక్కువ భాగం ఏ పనీ లేకుండా కూర్చుంటుంది. ఆ సమయంలో లాగే కరెంటే మీ బిల్లు. లెక్క సులువు: ఆగకుండా లాగే ప్రతి 1 వాట్ ఏడాదికి 8.76 యూనిట్లు అవుతుంది. అంటే 50 వాట్ల తేడా ఉంటే ఏడాదికి 438 యూనిట్లు. ఐదేళ్లు నడిపితే 2,190. ఆ సంఖ్యను మీ యూనిట్ రేటుతో గుణించి, రెండు సిస్టమ్‌ల ధరల తేడా పక్కన పెట్టి చూడండి.

నేను ప్లగ్ మీటర్ పెట్టి చూసిన సింగిల్ సాకెట్ (ఒకే ప్రాసెసర్ పట్టే) ఈ5 వి4 సిస్టమ్‌లు హార్డ్ డిస్కులు లేకుండానే దాదాపు 60 నుంచి 90 వాట్ల మధ్య లాగాయి. రెండు సాకెట్లవి 100 దాటాయి. ఐ5-12400తో కట్టిన సిస్టమ్‌లు మంచి బోర్డు పడితే 20 వాట్ల చుట్టుపక్కల ఉంటున్నాయి. ఒక్కో 3.5 అంగుళాల డిస్క్ తిరుగుతూ ఉంటే ఇంకో 5 నుంచి 8 వాట్లు కలుపుకోండి, అది ఏ సిస్టమ్‌కైనా ఒకటే.

ఇక్కడ చాలామంది టీడీపీ (ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పే వాట్ల అంకె) చూసి మోసపోతారు. ఈ5-2680 వి4 టీడీపీ 120 వాట్లు, ఐ5-12400ది 65. ఈ రెండు అంకెలూ పని ఒత్తిడిలో ఉన్నప్పటివి. పైగా 12400 టర్బోలో 117 వాట్ల దాకా వెళ్లగలదు. ఖాళీగా ఉన్నప్పటి సంగతి ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. అది ప్రాసెసర్ ఎంత గాఢంగా నిద్రపోగలదు, బోర్డు దాన్ని పోనిస్తుందా అన్న దాని మీద ఉంటుంది. లైనక్స్‌లో పవర్‌టాప్ అనే టూల్ తెరిస్తే ప్యాకేజ్ సీ-స్టేట్, అంటే ఆ నిద్ర ఎంత లోతో, కనిపిస్తుంది. సీ8 గానీ సీ10 గానీ కనిపిస్తే బాగున్నట్టు. సీ2, సీ3 దగ్గరే ఆగిపోతే ఏదో ఒక కార్డు దాన్ని మేల్కొలిపి ఉంచుతోందని అర్థం.

ఆ దొంగ చాలాసార్లు డిస్క్ కంట్రోలరే. ఎస్ఏఎస్2008 చిప్ ఉన్న పాత హెచ్‌బీఏ (ఎక్కువ డిస్కులు తగిలించే) కార్డులు అందరూ సిఫార్సు చేస్తారు, గట్టివే. కానీ అవి సొంతంగా ఇంచుమించు 10 వాట్లు లాగుతాయి, గాలి తగలకపోతే కాలిపోయేంత వేడెక్కుతాయి, వాటికి తోడు ప్రాసెసర్‌ని గాఢ నిద్రలోకి పోనివ్వవు. నాలుగు డిస్కులకు బోర్డు మీది సాటా (డిస్క్) పోర్టులే చాలు. ఇంకా కావాలంటే ఏఎస్ఎం1166 లాంటి ఏఎస్‌పీఎం (ఖాళీగా ఉన్న పీసీఐఈ లింక్‌ని నిద్రపుచ్చే సదుపాయం) పనిచేసే చిప్ ఉన్న కార్డు వెతకండి. పవర్ సప్లై కూడా అతిగా పెద్దది వద్దు. 850 వాట్ల దాన్ని 20 వాట్ల దగ్గర నడిపితే సామర్థ్యం బాగా పడిపోతుంది.

రైజెన్ వైపు చూసేవాళ్లకు ఒక మాట. 5600ఎక్స్ లాంటివి ముక్కలుగా తయారైన ప్రాసెసర్లు, వాటిలో ఐఓ చిప్ విడిగా ఉంటుంది, అది ఊరికే కూర్చున్నా కరెంటు తింటుంది. 5600జీ లాంటివి ఒకే ముక్క, ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ లాగుతాయి. సర్వర్‌కి 'జీ' రకాలే నయం.

14 కోర్లు ఎక్కువ కదా?

ఎక్కువే. కానీ 2016 నాటి కోర్లు. 3.3 గిగాహెర్ట్జ్ దాటని బ్రాడ్‌వెల్ కోర్ ఒకటి, 4.4 దాకా వెళ్లే 12వ తరం కోర్ ఒకటి పక్కపక్కన పెడితే, ఒంటి కోర్ పనిలో కొత్తది దాదాపు రెట్టింపు వేగంగా ఉంటుంది. అన్ని కోర్లూ కలిపి పరిగెత్తించినా 12400లోని 6 కోర్లు ఆ 14 కోర్లకు ఇంచుమించు సమానంగా నిలబడతాయి. ఇంతకీ మీ పనుల్లో అన్ని కోర్లూ పరిగెత్తేది ఎప్పుడు? ఇమిచ్ మొదటిసారి మీ ఫోటోలన్నీ చదివి ముఖాలు గుర్తుపట్టేటప్పుడు. అది ఒకసారి జరిగే పని, రాత్రి వదిలేస్తే పొద్దుటికి చాలావరకు అయిపోతుంది. ఆ తర్వాత రోజూ వచ్చే కాసిన్ని ఫోటోలు దానికి లెక్కే కాదు. హోమ్ అసిస్టెంట్ ప్రధానంగా ఒక్క కోర్ మీదే ఆధారపడుతుంది. డీఎన్ఎస్‌కి అసలు ప్రాసెసర్ అవసరమే లేదనుకోవచ్చు. నేర్చుకోవడానికి పెట్టుకున్న వర్చువల్ మెషీన్లు మీరు టైప్ చేస్తున్నప్పుడు తప్ప నిద్రపోతూనే ఉంటాయి.

వీడియో సంగతే అసలు తేడా. జెల్లీఫిన్‌లో ఫైల్ ఉన్నది ఉన్నట్టు టీవీకి వెళ్తే ప్రాసెసర్‌కి పనేం లేదు. కానీ 4కే, 10 బిట్ హెచ్‌ఈవీసీ (ఒక వీడియో ఫార్మాట్) ఫైల్‌ని ఎవరైనా ఫోన్‌లో బయటి నుంచి చూడాలనుకుంటే సర్వర్ దాన్ని అప్పటికప్పుడు కుదించి పంపాలి. 12400 లోపలి యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ ఉంది. అది ఈ పనిని కోర్ల జోలికి దాదాపు పోకుండా చేసేస్తుంది, ఏవీ1 ఫైళ్లను కూడా డీకోడ్ చేస్తుంది. ఈ5 జియాన్‌లో గ్రాఫిక్స్ లేనే లేదు. ఆ 14 కోర్లూ బుసలు కొడుతూ ఒకటి రెండు స్ట్రీమ్‌లు లాగుతాయి. లేదంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి, దానికి మళ్లీ ఇంకాస్త కరెంటు. 12400ఎఫ్ వద్దన్నది ఇందుకే, ఆ 'ఎఫ్' అంటే లోపలి గ్రాఫిక్స్ పనిచేయదని అర్థం.

ఇక ఈసీసీ. దీని మీద జరిగే వాదనల్లో సగం వేడి, సగం పొగ. విషయం ఏమిటంటే, ఈసీసీ ర్యామ్‌లో ప్రతి 64 బిట్ల డేటాకి 8 బిట్లు కాపలా ఉంటాయి. ఒక బిట్ తారుమారైతే సరిచేస్తుంది, రెండు బిట్లు మారితే పట్టుకుని చెబుతుంది. తప్పులు నిజంగానే జరుగుతాయి. గూగుల్ సర్వర్ల మీద టొరంటో విశ్వవిద్యాలయంతో కలిసి చేసి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ మాడ్యూళ్లలో కనీసం ఒక తప్పు కనబడింది. అయితే తప్పులు అన్ని మాడ్యూళ్లకూ సమానంగా పంచుకుని రావు. చెడిపోతున్న మాడ్యూల్ ఒకటి ఉంటే అదే మళ్లీ మళ్లీ తప్పులు ఇస్తుంది.

నేను దగ్గరగా చూసిన కేసు ఒకటి చెప్తాను. ఒకాయన ఇంటి సర్వర్‌లో జడ్‌ఎఫ్ఎస్ (డేటాని తనే సరిచూసుకునే ఫైల్ సిస్టమ్) పూల్ ఉంది, డేటా అంతా సరిచూసే నెలవారీ స్క్రబ్‌లో అన్ని డిస్కుల మీదా ఒకేసారి చెక్‌సమ్ తప్పులు (డేటా మారిపోయిందని చెప్పేవి) మొదలయ్యాయి. ఆయన డిస్కులు మార్చబోయారు. నాలుగు డిస్కులు ఒకే వారంలో పాడవడం నమ్మేలా లేదు. ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టమన్నాను. ఒక ర్యామ్ మాడ్యూల్ తప్పులు కురిపించింది. అది తీసేశాక పూల్ శుభ్రంగా ఉంది, కానీ ఆ మధ్య కాపీ అయిన కొన్ని వీడియోలు మాత్రం లోపల దెబ్బతిన్న స్థితిలోనే డిస్కుకి చేరాయి. ర్యామ్‌లోనే పాడైపోయి వచ్చిన డేటాకి జడ్‌ఎఫ్ఎస్ కూడా చక్కగా చెక్‌సమ్ వేసి దాచిపెడుతుంది. ఈసీసీ ఉంటే మొదటి రోజే లాగ్‌లో కనబడేది.

మరి మీకు తప్పనిసరా? కాదు. జడ్‌ఎఫ్ఎస్‌కి ఈసీసీ లేకపోతే ఫైళ్లన్నీ పోతాయన్నది పుకారు. మిగతా ఫైల్ సిస్టమ్‌లకు ఎంత అవసరమో దీనికీ అంతే. ఫోటోలకు ఇంకో చోట బ్యాకప్ లేకుండా ఈసీసీ మీద ఖర్చు పెట్టడం తిరగేసిన లెక్క. ముందు బ్యాకప్, తర్వాత ఈసీసీ. ఆ తర్వాత కూడా మనసు ఒప్పుకోకపోతే జియాన్ దాకా వెళ్లనక్కర్లేదు, డెస్క్‌టాప్‌లోనే దారులున్నాయి. ఐ5-12500ని డబ్ల్యూ680 చిప్‌సెట్ ఉన్న బోర్డు మీద పెడితే ఈసీసీ పనిచేస్తుంది. గమనించండి, 12400కి ఆ సదుపాయం లేదు. రైజెన్‌లో 5600ఎక్స్ లాంటివి బోర్డు ఒప్పుకుంటే ఈసీసీతో నడుస్తాయి. 5600జీకి రాదు, దాని ప్రో రకానికి వస్తుంది. పెట్టాక నమ్మి వదిలేయకండి. లైనక్స్ కమాండ్ డీఎంఐడీకోడ్‌లో మెమరీ వెడల్పు మొత్తం 72, డేటా 64 అని కనబడాలి. లైనక్స్‌లో ఈడీఏసీ డ్రైవర్ లోడ్ అవ్వాలి, తప్పులు దొరికినప్పుడు లాగ్‌లో రాసేది అదే.

డీడీఆర్5లో "ఈసీసీ లోపలే ఉంది" అని అమ్మేవాళ్ల మాట సగమే నిజం. అది చిప్ లోపల జరిగే సర్దుబాటు. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వెళ్లే దారిని అది కాపాడదు, తప్పు జరిగిందని మీకు చెప్పదు.

ఇంకోటి, ఈ5 సర్వర్ల నుంచి వచ్చే ర్యామ్ సాధారణంగా ఆర్‌డిమ్ రకం. డెస్క్‌టాప్ బోర్డులు తీసుకునేది యూడిమ్. డీడీఆర్4లో రెండూ స్లాట్‌లో దిగుతాయి, కానీ డెస్క్‌టాప్ బోర్డు ఆర్‌డిమ్‌తో బూట్ అవదు. "ర్యామ్ ఎలాగూ ఉంది, తర్వాత డెస్క్‌టాప్‌లోకి మార్చుకుంటాను" అనుకుని జియాన్ తీసుకోకండి.

జియాన్ ఎప్పుడు తీసుకోవాలి?

ర్యామ్ 128 జీబీకి మించి కావాలనుకున్నప్పుడు మొదటిది. 12వ తరం డెస్క్‌టాప్ డీడీఆర్4 బోర్డు 128 దగ్గర ఆగిపోతుంది, ఈ5 నాలుగు చానెళ్లతో దాన్ని సునాయాసంగా దాటుతుంది. రెండోది కార్డులు. 12400 నుంచి నేరుగా వచ్చేది 20 లేన్లు, అందులో 16 ఒకే స్లాట్‌కి, 4 ఒక ఎం.2 స్లాట్‌కి పోతాయి. మిగతావన్నీ చిప్‌సెట్ ద్వారా రావాలి. ఈ5 వి4లో 40 లేన్లు ఉంటాయి, పెద్ద ఎపిక్‌లలో 128. గ్రాఫిక్స్ కార్డు, 10 గిగాబిట్ నెట్‌వర్క్, హెచ్‌బీఏ, నాలుగు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు అన్నీ ఒకే సిస్టమ్‌లో పెట్టేవాళ్లకి డెస్క్‌టాప్ ఇరుకే.

నెట్‌వర్క్ ఇంజినీర్ ఫ్రెండ్ ఒకతను ఇలాగే అడిగితే నేను జియానే తీసుకోమన్నాను. అతనికి పరీక్షల కోసం పదుల కొద్దీ వర్చువల్ రౌటర్లు ఒకేసారి లేపాలి. ఒక్కొక్కటీ కొన్ని జీబీల ర్యామ్ మింగుతుంది, కోర్లు కూడా నిజంగానే వాడుకుంటాయి. పైగా అతని ల్యాబ్ రోజంతా నడవదు. కూర్చున్నప్పుడు వేక్ ఆన్ ల్యాన్‌తో (నెట్‌వర్క్ ద్వారా) లేపుతాడు, లేచేటప్పుడు ఆపేస్తాడు. ఆపి ఉన్న సర్వర్ ఖాళీగా ఎంత లాగితే ఏంటి? మీకూ రేపు అలాంటి సరదా పుడితే, ఎప్పుడూ నడిచే చిన్న సిస్టమ్ ఒకటి, అవసరానికి లేపే పెద్దది ఒకటి, విడివిడిగా పెట్టుకోవడమే నా సలహా.

బీఎంసీ (దూరం నుంచి సర్వర్ స్క్రీన్ చూపించే చిప్) గురించి కూడా అడిగారు. సిస్టమ్ వేలాడిపోయినా ఇంకో గదిలోంచి బయోస్ స్క్రీన్ చూడగలగడం మంచి సుఖమే. కానీ అది బోర్డు మీద ఉండే విడి చిప్ ఇచ్చే సదుపాయం, ప్రాసెసర్‌ది కాదు. సర్వర్ ఆపి ఉన్నా అది కొన్ని వాట్లు లాగుతూనే ఉంటుంది. సర్వర్ ఇంట్లోనే ఉంటే ఒక మానిటర్, ఒక కీబోర్డు సరిపోతాయి. ఊళ్లు తిరిగేవాళ్లయితే అదే పని చేసే పైకేవీఎం లాంటి పరికరం తగిలించుకోవచ్చు.

జియాన్ తీసుకోవాలనే నిర్ణయిస్తే వి1, వి2 తరాల జోలికి పోకండి. వాటిలో ఏవీఎక్స్2 (కొత్త ప్రోగ్రామ్‌లు అడిగే ప్రాసెసర్ ఆదేశాల సెట్) లేదు. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 10 ఆ స్థాయి ప్రాసెసర్ల మీద అధికారికంగా నడవదు, మిగతావీ మెల్లగా అదే దారి పడతాయి. పేరు తెలియని కంపెనీల ఎక్స్99 బోర్డులు (ఈ5 పట్టేవి) కూడా వద్దు, వాటికి బయోస్ అప్‌డేట్లు రావు, నిద్ర స్థితులు సరిగా పనిచేయవు. ఒక యూనిట్ ఎత్తున్న ర్యాక్ సర్వర్ అయితే శబ్దం ముందు విని కొనండి. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ల ఈల తలుపు వేసినా వినబడుతుంది. పేరున్న కంపెనీల సర్వర్లలో పవర్ సప్లై, బోర్డు కనెక్టర్లు సొంత రకంగా ఉంటాయి, ఒకటి పోతే బయటి సరుకు పట్టదు.

అటు మరీ చిన్న ప్రాసెసర్ల గురించి ఒక మాట. వర్చువల్ మెషీన్లు లేకపోతే ఇంటెల్ ఎన్100 కూడా మీకు సరిపోయేది. నాలుగు చిన్న కోర్లు, క్విక్ సింక్, 6 వాట్ల టీడీపీ. కానీ ఒకే మెమరీ చానెల్, మొత్తం 9 పీసీఐఈ లేన్లు. డిస్కులు పెరిగేకొద్దీ ఇబ్బంది పడతారు. దానికంటే ముందు తరాల జే4125, ఎన్5105లలో అసలు ఏవీఎక్స్ లేదు, మాంగోడీబీ డేటాబేస్ 5.0 నుంచి వాటి మీద నడవదు. దాని మీద ఆధారపడే యాప్‌లు కూడా అక్కడే ఆగిపోతాయి.

12400 బదులు 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్ ఏదైనా చేతికొస్తే మొదటి పనిగా బయోస్ అప్‌డేట్ చేయండి. వాటిలో వోల్టేజ్ సమస్య ఉందని ఇంటెల్ ఒప్పుకుని 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది. 12వ తరానికి ఆ గొడవ లేదు.

కొనేటప్పుడు నాలుగు ర్యామ్ స్లాట్లు, నాలుగు సాటా పోర్టులు, రెండు ఎం.2 స్లాట్లు ఉన్న బోర్డు చూడండి. ర్యామ్ రెండు 16లుగా తీసుకుంటే తర్వాత పెంచుకోవడానికి చోటుంటుంది. బయోస్‌లో సీ-స్టేట్లు, ఏఎస్‌పీఎం చాలాసార్లు ఆపి వస్తాయి, అవి ఆన్ చేసి మీటర్ పెట్టి చూడండి. ఇవన్నీ కొనకముందే వీలైతే ఆ యాప్‌లన్నీ ఇప్పుడున్న ల్యాప్‌టాప్ మీదే ఒక వారం నడిపి, హెచ్‌టాప్‌లో కోర్లు ఎంత ఖాళీగా ఉన్నాయో, ర్యామ్ ఎంత నిండుతోందో గమనించండి. 32 జీబీ మీకు తక్కువా ఎక్కువా అన్నది అక్కడే తేలిపోతుంది. బోర్డు మోడల్ అనుకున్నాక పేరు చెప్పండి, దాని మీద సాటా చిప్ ఏముందో, గాఢ నిద్రకి అడ్డొస్తుందో లేదో చూసి చెప్తాను.